అప్పాజీ గారి పేరు మీద

లోవమ్మకి బంగారం మీద మోజు లేదు. భయం కొద్దీ కొన్నది.

ఉప్పాడలో ఇల్లు కట్టుకోవడం అంటే సముద్రానికి మేత వేయడమే. బుల్లియ్య తండ్రి కట్టిన పెంకుటిల్లు ఎక్కడుందో బుల్లియ్యకి తెలుసు. రోజూ దాని మీదుగానే తెప్ప వేసుకుని వేటకి పోతాడు. తర్వాత తను కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఒక తుఫానుకి పోయింది. ఇప్పుడుంటున్నది మూడోది, రేకుల ఇల్లు. అది కట్టిన కొత్తలో వాకిట్లోంచి నీళ్ల దాకా నడిచేసరికి ఒక చుట్ట అయిపోయేది. ఇప్పుడు చుట్ట వెలిగించే లోపే కాళ్లు తడుస్తున్నాయి.

అందుకని లోవమ్మ లెక్క లోవమ్మకుంది. "ఇల్లు నెత్తిన పెట్టుకుని పరిగెత్తలేం. డబ్బయితే నీ చేతికి తగుల్తుంది. మెడలో ఉన్నది మెడతో పాటే వస్తుంది," అనేది. వేట బాగా పడిన ప్రతి ఏడూ కాస్త కాస్త కొన్నది. ముప్పై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, అయిదు కాసుల నానుతాడు, నాలుగు కాసుల గాజులు చేయించుకుంది. పెళ్లిళ్లకి కూడా వేసుకోదు. గాలివాన అంటే మాత్రం ముందు అవి ఒంటి మీదకి ఎక్కేవి. వాన వెలిశాక తీసి డబ్బాలో పెట్టేది. ఆ వాడలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు, "లోవమ్మ నగలు పెట్టిందంటే తుఫాను వచ్చేస్తుందర్రా," అని.

మూడేళ్ల కిందట బుల్లియ్యకి కొత్త ఫైబర్ తెప్పలో పాలు దొరికింది. నలుగురు కలిసి కొంటున్నారు. వాటాకి లక్షన్నర. పాలు లేనివాడు ఎంత కాలం వేటకి పోయినా కూలివాడే. అప్పుడు తీసింది లోవమ్మ ఆ డబ్బా.

బంగారం తాకట్టు పెట్టాలంటే బజార్లో కంపెనీలు బోలెడు. నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ. అదే బ్యాంకులో, పొలం ఉన్న రైతు పాసుపుస్తకం చూపించి పంట అప్పు కింద పెడితే అరవై పైసలు కూడా పడదు. కానీ బుల్లియ్యకి పొలం ఏదీ? సముద్రం మీద ఎన్ని ఎకరాలు దున్నినా పాసుపుస్తకం ఎవడూ ఇవ్వడు.

అలాంటివాళ్లకి ఆ రేవులో ఒక దారి ఉంది. తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ఆయన పేరు మీద పెట్టడం. సంతకం ఆయనది, బంగారం వీళ్లది. వడ్డీ వీళ్లు కడతారు, విడిపించుకునే రోజున ఆయన వచ్చి సంతకం పెడతాడు. అందరూ చేసేదే. బదులుగా ఆ రైతింటికి పండగ నాడు ఒక మంచి చేప వెళ్తుంది, అంతే.

లోవమ్మకి తెలిసిన రైతు అప్పాజీ గారు. కాలవ అవతలి ఊళ్లో నాలుగెకరాలు ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటికి చేపలు పోస్తోంది. అడగడానికి రెండు రోజులు నోరు రాలేదు. అడిగితే ఆయన ఇంత కూడా ఆలోచించలేదు.

"ఏమ్మా లోవమ్మా, దీనికింత నసుగుతావేంటి? నా పాసుబుక్కు బీరువాలో ఊరికే పడుంది. పద."

ఆ రోజు బ్యాంకులో బంగారం తూచే ఆయన అడిగాడు, "ఎవరిదండీ ఈ బంగారం?" అని.

"మాదేనండి. మా ఆవిడది," అన్నాడు అప్పాజీ గారు.

వెనకాల బోసి మెడతో నిలబడ్డ లోవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బయటికి వచ్చాక కూడా నవ్వుతూనే ఉంది. "ఈ వయసులో నన్ను మీ ఆవిణ్ణి చేసేశారు బాబుగారూ. అమ్మగారికి తెలిస్తే రేపట్నుంచి చేపలు కొనదండి."

బుల్లియ్య కూడా నవ్వాడు. అతను నవ్వడం అరుదు.

*

అప్పాజీ గారి దగ్గర ఒక్క పైసా తేడా రాలేదు. ఏటా లోవమ్మ వడ్డీ డబ్బు ఆయన చేతిలో పెట్టేది, ఆయన కట్టి రసీదు తెచ్చి ఇచ్చేవాడు. మోపెడ్ పెట్రోలు డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు.

ఈ ఏడు శ్రావణంలో సముద్రం ఇంటి మెట్ల దాకా వచ్చింది. పై మెట్టు మిగిలింది, కిందవి రెండూ లేవు. రాళ్ల గోడ వేస్తారు, వేస్తారు అంటున్నారు. వేసిన చోట నిలుస్తోంది, వెయ్యని చోట రెట్టింపు కోస్తోంది. బుల్లియ్య ఇల్లు వెయ్యని చోట ఉంది.

మూడు కిలోమీటర్లు లోపలికి, కొత్తపల్లి పోయే దారిలో, జ్ఞానమ్మ అనే ఆవిడ రెండు సెంట్ల స్థలం అమ్ముతోందని తెలిసింది. సెంటు నాలుగు లక్షలు. మెరక నేల. చేతి పంపు ఉంది. లోవమ్మ ఆ స్థలం నాలుగు మూలలా తిరిగి, మధ్యలో నిలబడి, చెవి ఒగ్గి విన్నది.

"ఏంటే?" అన్నాడు బుల్లియ్య.

"సముద్రం వినపడట్లేదయ్యా," అంది. వినపడకపోయేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసు తొంభై వేలు దాటింది. తొమ్మిది కాసులూ అమ్మితే ఎనిమిది లక్షలు వస్తాయి. అంటే ఆ బంగారం అచ్చంగా ఆ స్థలమే. ముప్పై ఏళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు ఈ లెక్క ఆమె అనుకోలేదు గానీ, ఇప్పుడు అలా కలిసొచ్చింది. వేట నిషేధం రోజుల్లో వచ్చిన భృతి ఇరవై వేలు, డ్వాక్రాలో తీసిన ముప్పై వేలు కలిపి, యాభై వేలు జ్ఞానమ్మకి బయానా ఇచ్చారు. నవంబరు పదో తారీకు లోపు మిగతాది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లేకపోతే బయానా పోతుంది. అగ్రిమెంటు అలాగే రాశారు.

ఇక బంగారం విడిపించాలి. చేపలమ్మే ఆడవాళ్లంతా కలిసి నడిపే రెండు లక్షల చీటీ ఒకటి ఉంది, నెలకి పదివేలు. లోవమ్మ తొమ్మిదో నెలలోనే పాడేసింది. ముప్పై రెండు వేలు పాట పోగా లక్షా అరవై ఎనిమిది వేలు చేతికి వచ్చింది. ఇంకా పదకొండు నెలలు కట్టాలి. కట్టగలదు. గంప ఉన్నంత కాలం కట్టగలదు.

"బంగారం అక్కడే ఎవరికైనా అమ్మేస్తే వాళ్లే విడిపించుకుంటారు కదా. చీటీ పాడ్డం ఎందుకు?" అని బుల్లియ్య ఒక మాట అన్నాడు.

"ఒక్క పూట మెడలో వేసుకుంటానయ్యా. వేసుకుని, అప్పుడు అమ్ముతాను. నేనేం రాయినా?"



*

అక్టోబరు మొదటి వారంలో ముగ్గురూ బ్యాంకుకి వెళ్లారు. అప్పాజీ గారు మోపెడ్ మీద ముందే వచ్చి నీడన కూర్చున్నాడు. ఆయనకి డెబ్బై దాటాయి. షుగరు. కాలికి ఏదో పుండు, గుడ్డ కట్టుకున్నాడు. లోవమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. నగలు పెట్టుకుని తిరిగి వెళ్లాలని.

కౌంటర్లో లక్షా అరవై వేల నాలుగొందల ఎనభై కట్టారు. ముద్ర వేసిన రసీదు వచ్చింది. దాన్ని పట్టుకుని బంగారం చూసే మేడమ్ దగ్గరికి వెళ్లారు. చిన్న పిల్ల. రమ్యశ్రీ అని బల్ల మీద పేరు రాసుంది. ఆమె కంప్యూటర్లో చూసి, మళ్లీ చూసి, "ఒక్క నిమిషం కూర్చోండి అప్పాజీ గారూ," అంది.

ఒక్క నిమిషం కాదు, చాలా సేపు కూర్చోబెట్టింది. లోపలికి వెళ్లి వచ్చింది.

"అప్పాజీ గారూ, మీ అబ్బాయి ఉదయభాస్కర్ గారి రొయ్యల చెరువు లోనుకి మీరే కదండి ష్యూరిటీ?"

"అవునమ్మా."

"అది తొమ్మిది నెలల నుంచి కట్టట్లేదండి. ఆరు లక్షల నలభై వేలు బకాయి ఉంది. అందుకని మీ పేరు మీద ఏవున్నా ఆపేశారండి. బంగారం ఇవ్వడానికి కుదరదు."

అప్పాజీ గారు రసీదు ఆమె ముందుకి జరిపాడు. "ఇదిగో, కట్టేశాం కదమ్మా?"

"ఈ అప్పు తీరిపోయిందండి. ఆ అప్పు తీరలేదు."

లోవమ్మ ముందుకి వంగింది. "తీరిపోయిందంటున్నారు కదమ్మా. మరి మాది మాకిచ్చేయండి. ఆ చెరువు గొడవ బాబుగారూ మీరూ తర్వాత చూసుకోండి."

"మీదేంటమ్మా?" అంది ఆ పిల్ల.

 పైన ఫ్యాను తిరుగుతోంది. బుల్లియ్య అప్పాజీ గారి వైపు చూశాడు. అప్పాజీ గారు తన కాలి గుడ్డ వైపు చూసుకుంటున్నాడు.

"ఆ నానుతాడు నాదమ్మా," అంది లోవమ్మ. "కొక్కెం దగ్గర అతుకుంటుంది. ఒకసారి గంప దించుతుంటే తెగింది. గాజుల్లో ఒకటి సొట్ట. మీరే తీసి చూడండి."

రమ్యశ్రీ కాగితం ఒకటి తీసింది. చదివింది. ఈ ఆభరణాలు నా సొంతం, వీటి మీద వేరెవరికీ హక్కు లేదు, అని రాసి ఉంది. కింద అప్పాజీ గారి సంతకం. తర్వాత ఆమె గొంతు తగ్గించింది.

"ఇప్పుడు వీళ్లది అంటే ఈ సంతకం అబద్ధం అవుతుందండి. పెద్దాయన మీద కేసవుతుంది. అమ్మా, మీరన్న మాట నేను విననట్టే ఉంటాను. మీరు కూడా ఇంకెక్కడా అనకండి."

ఆ పిల్ల మంచికే చెప్పింది. అది బుల్లియ్యకి అర్థమైంది. తిట్టడానికి కూడా ఎవరూ దొరకడం లేదు అనుకున్నాడు.

"కట్టకముందు చెప్పొచ్చు కదండి," అన్నాడు. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అది.

"కౌంటర్లో వాళ్లకి ఇది కనపడదండి. నా దగ్గరికి వస్తేనే తెలుస్తుంది."

"ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తారాండి? అప్పు అలాగే ఉంచుకోండి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "కట్టింది వెనక్కి రాదండి."

*

బయట టీ బండి దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. టీ చెప్పారు గానీ లోవమ్మ ముట్టుకోలేదు.

"కట్టేస్తున్నాననే చెప్పాడు మావాడు బుల్లియ్యా," అన్నాడు అప్పాజీ గారు. "మొదటి పంట మచ్చ తెగులొచ్చి పోయింది. రెండో పంట బాగానే వచ్చింది, రేటు పడిపోయింది. పరాయి దేశం వాడెవడో సుంకం వేశాడంట, వీళ్లు ఇక్కడ కొనడం ఆపేశారు. మావాడేమో భీమవరం పోయాడు, మేత కంపెనీలో ఉద్యోగం చూసుకుంటానని. ఫోనెత్తడు. ఎత్తితే, చూస్తున్నా నాన్నా అంటాడు."

"బాబుగారూ," అంది లోవమ్మ, "మీ రొయ్యలు నా నానుతాడు తినేశాయండి."

అంటూ నవ్వింది. ఆ రోజు కొంగు నోట్లో పెట్టుకుని నవ్విన నవ్వు కాదు. అప్పాజీ గారు టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"నా పొలం అమ్మి ఇచ్చేస్తానమ్మా."

"అమ్మండి మరి."

ఆయన అప్పుడు చెప్పాడు. పొలం కూడా ఆ చెరువు అప్పు కిందే ఉంది. అమ్మాలన్నా ఆ బ్యాంకే సంతకం పెట్టాలి. భార్య నగలు మొన్న వేసవిలోనే కంపెనీలో పెట్టారు. ఇక ఇల్లు. ఇల్లు అన్నదమ్ములది, పంచుకోలేదు. చెప్పుకుంటూ పోతుంటే ఆయన మనిషి చిన్నబడిపోతున్నాడు. ఎటు చూసినా తలుపులే, అన్నిటికీ తాళాలే.

మర్నాడు అప్పాజీ గారు ఒక ప్రామిసరీ నోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు అంటించి, అడ్డంగా సంతకం పెట్టి, ఉప్పాడ దాకా ఆ కాలితోనే వచ్చాడు. ఎనిమిది లక్షలకి నోటు. బుల్లియ్య దాన్ని మడిచి, తెప్ప కాగితాలున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. ఇది కాగితం, దీని మీద ఆయన సంతకం. బ్యాంకులో ఉన్నదీ కాగితమే, దాని మీదా ఆయన సంతకమే. ఏ సంతకానికి బలం ఎక్కువో అతనికి తెలుసు. పెద్దాయన అంత దూరం వచ్చాడని పుచ్చుకున్నాడు.

ఆ వారంలోనే ముగ్గురూ మళ్లీ ఒకసారి బ్యాంకుకి వెళ్లారు. మేనేజరు కూడా మంచిగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. పై ఆఫీసుకి రాస్తానన్నాడు.

"పోనీ, ఒక్కసారి చూపించండి బాబూ," అంది లోవమ్మ. "తీసుకోను. చూసి వెళ్లిపోతాను."

"ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్లకే చూపించాలమ్మా."

అప్పాజీ గారు లేచి లోపలికి వెళ్లాడు. లోవమ్మ ఆ ఇనుప తలుపు వైపే చూస్తూ కూర్చుంది, ఆస్పత్రిలో లోపల ఎవరో ఉన్నట్టు. ఆయన బయటికి వచ్చి, "ఉందమ్మా. భద్రంగా ఉంది. సంచికి సీలు వేసుంది. మీద నా పేరు రాసుంది," అన్నాడు.

"కొక్కెం దగ్గర అతుకు చూశారా?"

"సంచి విప్పలేదమ్మా."

"ఆయ్," అంది లోవమ్మ. 

వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఒక మాట అంది. "ఎంత వెర్రిదాన్నయ్యా. నీళ్లు ముంచుతాయని మెడలో దాచుకున్నాను. తీసుకెళ్లి నీళ్లు రాని చోట పెట్టాను."

బుల్లియ్య కిటికీలోంచి చూస్తున్నాడు. పొలాలు పొట్ట మీదున్నాయి. పచ్చగా, బలిసినట్టు ఉన్నాయి. ఇందులో ఎవరిది ఎవరి పేరు మీదుందో అనుకున్నాడు.

*

తెప్పలో తన పాలు అమ్మితే ఎంతొస్తుందని మిగతా ముగ్గురినీ అడిగాడు. లక్షా ఇరవై అన్నారు. అది అమ్మితే తిండి ఉండదు, అమ్మినా స్థలం రాదు. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

నవంబరు పదికి రెండు రోజుల ముందు బుల్లియ్య ఒక్కడే జ్ఞానమ్మ దగ్గరికి వెళ్లాడు. పెద్దావిడ, భర్త లేడు. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. అతని ముఖం చూసి ఆవిడకి తెలిసిపోయింది.

"గడువు కావాలా బుల్లియ్యా?"

"ఆయ్."

"ఎన్నాళ్లు?"

 ఎన్నాళ్లో చెప్పగలిగితే అది గడువు. అతని దగ్గర ఉన్నది గడువు కాదు.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "మా తమ్ముడు కోర్టుకి పోతానంటున్నాడయ్యా, వాటా ఇవ్వకపోతే. ఇప్పటికే రెండు మాటలు అన్నాడు నన్ను. తునిలో ఒకాయన రెడీగా ఉన్నాడు, మొత్తం ఒకేసారి ఇస్తానంటున్నాడు. నేనేం చెయ్యను చెప్పు?"

"మీ తప్పేం లేదండి."

"అగ్రిమెంటు ప్రకారం నీకు రూపాయి ఇవ్వక్కర్లేదు. కానీ మీ లోవమ్మ ఆ రోజు స్థలం మధ్యలో నిలబడి విన్నది చూశావా, అది నా కళ్లలోంచి పోవట్లేదు." లోపలికి వెళ్లి ఇరవై వేలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ముప్పై వేలు వాడేశాను. లేవు."

బుల్లియ్య ఆ ఇరవై వేలూ తెచ్చి లోవమ్మకి ఇచ్చాడు. రెండు నెలల చీటీకి సరిపోయాయి.

అప్పటికే వాయుగుండం కబురు వచ్చింది. రెండు రోజులు గాలి, మూడో రోజు పోటు. ఈసారి లోవమ్మ మెడలో వేసుకోవడానికి ఏమీ లేదు. పసుపుతాడు ఒక్కటే ఉంది. అలవాటు కొద్దీ డబ్బా తీసింది, ఖాళీ డబ్బా, మళ్లీ చూరులో దోపింది.

ఉప్పాడలో ఇల్లు పోతుందని ఖాయమైతే ముందు తీసేది గుమ్మం. బుల్లియ్య తండ్రి టేకుతో చేయించిన గుమ్మం అది. మొదటి ఇంటి నుంచి రెండో ఇంటికి, రెండో ఇంటి నుంచి మూడో ఇంటికి వచ్చింది. గోడలు ఎక్కడైనా కడతారు, గుమ్మం మాత్రం అదే. పక్కింటి రాముడు, తెప్పలో పాలుగాళ్లు ఇద్దరు, నలుగురూ కలిసి గునపాలతో గోడ కొట్టి గుమ్మాన్ని ఊడదీశారు. గడపకి రాసిన పసుపు అలాగే ఉంది. బయటికి తెచ్చి మూడు చక్రాల బండి మీద పడుకోబెట్టారు.

"ఎక్కడికి తోలమంటావు మావా?" అన్నాడు రాముడు.

బుల్లియ్య లోవమ్మ వైపు చూశాడు. ఇంతకు ముందు రెండుసార్లూ ఆ మాటకి జవాబు ఉంది.

అప్పుడు అప్పాజీ గారి నుంచి ఫోను వచ్చింది. "చేలో మోటారు షెడ్డు ఉంది బుల్లియ్యా. చిన్నదే. కరెంటు ఉంది. వచ్చేయండి. మొహమాట పడకండి."

మొహమాట పడే స్థితిలో ఎవరూ లేరు. వెళ్లారు. సాయంత్రానికి ఇంటి ముందు గది పోయింది. మర్నాటికి ఏమీ లేదు.

*

మోటారు షెడ్డు పది అడుగుల గది. దాని తలుపు సందు చిన్నది, గుమ్మం పట్టదు. గోడకి ఆనించి, మీద టార్పాలిన్ పట్టా కప్పారు. లోవమ్మ శుక్రవారం నాడు ఆ పట్టా ఎత్తి, గడపకి పసుపు రాసి మళ్లీ దించుతోంది.

అక్కడి నుంచి రేవుకి ఏడు కిలోమీటర్లు. బుల్లియ్య సైకిలు మీద పోతాడు. లోవమ్మ ఆటోలో పోయి గంప నింపుకుంటుంది. అప్పాజీ గారి ఇంటికి ఇప్పటికీ చేపలు పోస్తుంది. ముందు చందువలు అక్కడే దించుతుంది. ఆయన కాలి పుండు మానట్లేదు. ఒక వారం జ్వరం కూడా వచ్చింది. ఆ వారం రోజులూ లోవమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసింది. చిన్న చేపల పులుసు కారం తక్కువేసి తీసుకెళ్లింది. ఆయన కళ్లు తిరుగుతున్నాయంటే రిక్షా మాట్లాడి డాక్టరు దగ్గరికి తనే తోడెళ్లింది.

ఆ ఊరి ఆడవాళ్లు ఊరుకుంటారా? కాలవ గట్టు మీద ఒకావిడ అననే అంది. "ఏంటి లోవమ్మా, అప్పాజీ గారికి కూతురు లేని లోటు తీర్చేస్తున్నావే?"

"నా మెడ ఆయన పేరు మీదుందమ్మా," అంది లోవమ్మ. "ఆయన పచ్చగా ఉంటేనే నేనుంటాను."

ఆ మాట ఊరికే అన్నది కాదు. మూడోసారి బ్యాంకుకి పోయినప్పుడు రమ్యశ్రీని బుల్లియ్యే అడిగాడు. అడగకూడని మాట, అయినా అడిగాడు. పెద్దాయనకి ఏదైనా అయితే ఎలాగండి, అని. "అప్పుడు వారసులందరూ వచ్చి సంతకాలు పెట్టాలండి. బకాయి తీర్చాకే," అంది. అప్పాజీ గారికైతే ఇది ఎవరి బంగారమో తెలుసు. వారసులకి తెలియాల్సిన అవసరం ఏముంది?

అందుకని ఇప్పుడు బుల్లియ్యకి ఒక పని పడింది. తెల్లారేసరికి షెడ్డు బయట నిలబడి గట్టు వైపు చూడటం. రోజూ ఆ వేళకి అప్పాజీ గారు నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కుంటుకుంటూ, చేలో నీరు చూసుకోవడానికి వస్తాడు. చేను కోతకి వచ్చింది, చూడ్డానికి నీళ్లేమీ లేవు. అయినా వస్తాడు. ఆ తువ్వాలు కనపడ్డాక బుల్లియ్య సైకిలెక్కుతాడు.

ఒక పొద్దున తువ్వాలు కనపడలేదు.

మంచు పట్టిందేమో అని చూశాడు. మంచు లేదు. గట్టు చివరి దాకా కనపడుతోంది. ఫోను మోగింది. తెప్పలో పాలుగాడు.

"ఎక్కడున్నావు మావా? నీళ్లు తీస్తున్నాయి, తెప్ప దింపేస్తున్నాం."

"వస్తన్నా. ఒక్క పావుగంట."

"పావుగంట ఆగితే ఇసక మీద కూర్చోవాలి మావా."

"మీరు పొండి," అన్నాడు బుల్లియ్య. ఆ రోజు పాలు పోయినట్టే. లోవమ్మ లోపల్నుంచి వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె చేతిలో గంప ఉంది.  నడిచి ఆ ఇంటికి పోయి తలుపు కొట్టడానికి కాళ్లు రాలేదు. తెలియనంత సేపూ ఏమీ కానట్టే.

ఎండ వరి కంకుల మీదకి వచ్చింది. అప్పుడు గట్టు మలుపులో తువ్వాలు కనపడింది. కర్ర ఊతంగా, ఒక్కో అడుగూ చూసుకుంటూ వస్తున్నాడు. లోవమ్మ ఊపిరి వదలడం బుల్లియ్యకి వినపడింది.

"ఏంటి బుల్లియ్యా, ఇంకా వేటకి పోలేదా?"

"పోతానండి."

"రాత్రి మావాడు ఉదయ్ ఫోను చేశాడు. వచ్చే నెల కొంత కడతాడంట. కడతానన్నాడు."

"ఆయ్."

పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు. "నమ్మకం లేదు కదూ?"

 ఆయన నిలబడటానికి ఇబ్బంది పడుతున్నాడని చూసి, బుల్లియ్య లోపల్నుంచి ముక్కాలిపీట తెచ్చి, గోడకి ఆనించి ఉన్న గుమ్మం పక్కన వేశాడు.

"కూర్చోండి," అన్నాడు. "షుగరు బిళ్ల వేసుకున్నారాండి?"